కుక్కపిల్లకు స్పెయిన్ పేరు



బిడ్డ పుడితే పేరు పెట్టడానికి మనకు పంచాంగం ఉంది, నక్షత్రం ఉంది, తాతల పేర్లున్నాయి, ఇంటి దేవుడున్నాడు. పదిమంది పెద్దవాళ్ళు కూర్చుని, బియ్యంలో రాసి, చెవిలో చెప్పి మరీ పెడతాం. అదే ఇంటికి కుక్కపిల్ల వచ్చిందనుకోండి, ఎవరి నోటికి ఏది వస్తే అదే పేరు. దానికింత ఆలోచన ఎందుకని నేనూ మొన్నటి దాకా అనుకున్నదాన్నే. ఈ సంక్రాంతికి మా ఇంట్లో జరిగింది చూశాక నా అభిప్రాయం మారింది. అది మీతో చెప్పుకుందామని వచ్చాను.

నంద్యాలలో మేముండే వీధి చివర ఎవరో ఇల్లు కడుతున్నారు. అక్కడి ఇసుక కుప్ప మీద ఒక వీధికుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది. రెండు నెలలు నిండేసరికి మూడు మగపిల్లల్ని మూడిళ్ళవాళ్ళు ఎత్తుకుపోయారు. ఆడపిల్ల మిగిలిపోయింది. "ఆడకుక్క ఎందుకమ్మా, ఏడాదికి రెండు ఈతలు ఈనుతుంది, ఎవరు పడతారు" అని అందరూ తప్పుకున్నారు. ఒకనాటి పొద్దున అది మా గేటు సందులోంచి దూరి, వాకిట్లో ముగ్గు మీద పడుకుంది. లేపితే లేవదు. మా అత్తగారు చూసి, "ఇది ముగ్గు చెరిపేదానికి రాలేదు, ఇల్లు చూసుకొనేదానికి వచ్చింది, ఉండనీ" అన్నారు. ఆవిడ ఉండనిమ్మన్నాక ఇక ఇంట్లో ఎవరు కాదంటారు?

అప్పటికి బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి పండక్కి వచ్చి ఉంది. వాళ్ళ ఆఫీసు పనిలో సగం స్పెయిన్ దేశంవాళ్ళతోనట. అందుకని ఏడాదిగా స్పానిష్ భాష నేర్చుకుంటోంది. "అమ్మా, ఈ వీధిలో ఏ గేటు ముందు నిలబడి పిలిచినా టామీయో స్నూపీయో వస్తుంది. మన పిల్లకు స్పానిష్ పేరు పెడదాం" అంది. మావారు నవ్వి, "నంద్యాల కుక్కకు స్పెయిన్ పేరా? రేషన్ కార్డులో ఎట్లా రాయిస్తావు?" అన్నారు. పాత క్యాలెండరు కాగితం ఒకటి చించి, వెనకవైపు తెల్లగా ఉన్న చోట పేర్లు రాయడం మొదలుపెట్టారు పిల్లలు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. మన కుక్కలకు మనం పరాయి భాషల పేర్లే ఎందుకు పెడతాం? టామీ, జిమ్మీ, సీజర్, టైగర్. ఫ్యాషను కొంత ఉందనుకోండి. అంతకంటే పెద్ద కారణం మరొకటుందని నాకనిపిస్తుంది. మన పేరు పెడితే ఆ పేరున్న మనిషి నొచ్చుకుంటాడు. మనిషిని కుక్క అంటే ఎంత తిట్టో, కుక్కను మనిషి పేరుతో పిలిస్తే ఆ మనిషికీ అంతే తిట్టు.

దీనికి మా పుట్టింట్లోనే ఒక కథ ఉంది. మా పుట్టిల్లు ఆళ్ళగడ్డ. నా చిన్నప్పుడు మా జేజినాయన ఒక నల్లకుక్కను పెంచేవాడు. ముద్దుగా దానికొక మనిషి పేరే పెట్టుకున్నాడు. ఆ పేరేమిటో చెప్పను, మీలో ఎవరింట్లోనైనా ఆ పేరుగల పెద్దలుండవచ్చు. ఇంతలో మా పక్క వాటాలోకి ఒక కుటుంబం అద్దెకు దిగింది. ఇంటాయనది అదే పేరు. పొద్దున్నే మా జేజినాయన వాకిట్లో నిలబడి, "ఒరేయ్, రారా, సంగటి తిందువు గానీ!" అని కేక వేస్తే పక్కింట్లో చెంబు కింద పడేది. ఆయన పాపం ఒక్క మాట అనలేదు. మూడో నెలలో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. పోతూ పోతూ ఆ ఇల్లాలు మా జేజితో, "మీ ఇల్లు బాగానే ఉందమ్మా, మా బిడ్డలు వాళ్ళ నాయన పేరు వినేదే బాగలేదు" అని చెప్పి వెళ్ళిందట. తరవాత కుక్క పేరు మార్చబోయారు. అది కొత్త పేరుకు పలికితే గదా!

అప్పట్నుంచి మా పుట్టింట్లో కుక్కలకు ఇంగ్లీషు పేర్లే. ఇంగ్లీషు పేరయితే ఎవరికీ తగలదు, అది ఎవరిదీ కాదని మా వాళ్ళ ధీమా. ఈ ధీమా గుర్తు పెట్టుకోండి. కథంతా దాని మీదే తిరుగుతుంది.

సరే, మా క్యాలెండరు కాగితానికి వద్దాం. స్పానిష్ మాటలు మన నోటికి తేలిగ్గానే పట్టుబడతాయండీ. మన మాటల్లాగే వాళ్ళ మాటలూ చాలావరకు అచ్చులతోనే ముగుస్తాయి. ఇంగ్లీషువాళ్ళ ట, డ లు కాకుండా మనలాగే త, ద లు పలుకుతారు. కుక్కను వాళ్ళు "పెర్రో" అంటారు. గొర్రె, బర్రె అనే మనకు పెర్రో అనడం ఒక లెక్కా! సాధారణంగా ఓ కారంతో ముగిస్తే మగ, ఆ కారంతో ముగిస్తే ఆడ. కాబట్టి ఆడపిల్లకు ఆ కారంతో ముగిసే పేరు వెతకాలి.

మొదట రాసిన పేరు "లూనా". చందమామ అని అర్థం. అందరికీ నచ్చింది, మావారికి తప్ప. "లూనా అంటే మా నాయన తోలిన మోపెడ్డు. నేను గేటు దగ్గర లూనా అని పిలిస్తే మా వయసువాళ్ళంతా పెట్రోలు ఉందా అని అడుగుతారు" అన్నారు. 1972లో మన దేశంలో లూనా మోపెడ్డు వచ్చింది గదా, ఆ తరంవాళ్ళకు చందమామ కనపడదు, తొక్కుడు పెడళ్ళే కనపడతాయి. కొట్టేశాం.

తరవాత మా అబ్బాయి "లోకో" అన్నాడు. పలకడానికి గట్టిగా, పొట్టిగా బాగుంది. రైల్వేలో పనిచేసే మా ఎదురింటాయన అయితే తన ఉద్యోగం మీద గౌరవంతో పెడుతున్నామనుకుని సంతోషించారు కూడా. తీరా మా అమ్మాయి చెప్పిందేమిటంటే, స్పానిష్‌లో లోకో అంటే పిచ్చివాడు. ఇంట్లో పెంచుకునే కుక్కను పిచ్చికుక్కా అని మనమే పిలుచుకుంటామా? కొట్టేశాం.

"పోయో" అన్నాడు మళ్ళీ వాడే. కోడికూర అని అర్థమట, వాడి బుద్ధి అక్కడే ఉంటుంది. "పిలిచినప్పుడల్లా పోయె, పోయె అంటే అది నిజంగానే పోతుంది" అని మా అత్తగారు చెవులు మూసుకున్నారు. "పాకో" అంటే అక్కడ మగపిల్లల ముద్దుపేరు, ఇక్కడ నేల మీద పాకమని చెప్పడం. "రఫా" అని ఇంకోటి రాశాడు. టెన్నిసు ఆటగాడు రఫాయెల్ నాదల్ ముద్దుపేరు.

ఈ హడావుడిలో నాకు తెలిసొచ్చిన రెండు మూడు సంగతులు చెబుతాను, ఇంట్లో కుక్క ఉన్నవాళ్ళకు పనికొస్తాయి. పేరు రెండు మూడక్షరాలకు మించకూడదు. చివర అచ్చు సాగేలా ఉండాలి, దూరం నుంచి పిలవడానికి. రా, పో, వద్దు, కూర్చో లాంటి మన ఆజ్ఞలతో కలవకూడదు. ఇంట్లో మనుషుల పేర్లకు దగ్గరగా ఉండకూడదు. ముఖ్యంగా, తిట్టేటప్పుడు పేరు వాడకూడదు. పేరు పిలిచి ఒక ముద్ద పెట్టండి, పేరు పిలిచి ఒళ్ళు నిమరండి, కొద్ది రోజుల్లోనే చెవులు రిక్కించడం నేర్చుకుంటుంది. పేరు పిలిచి చెప్పుతో కొట్టారనుకోండి, పేరు వినగానే మంచం కిందికి దూరడం నేర్చుకుంటుంది.

ఇన్ని వడపోతలు పోశాక మిగిలింది "లోలా". రెండక్షరాలు, చివర ఆ కారం, నోటికి మెత్తన. అక్కడ ఆడవాళ్ళ ముద్దుపేరట. అక్కడి ఆడవాళ్ళు ఇక్కడెవరున్నారు లెమ్మని మేమంతా తలూపాం. మూడు రోజులు లోలా, లోలా అని పిలిచాం. నాలుగో రోజుకు అది తల తిప్పి చూడటం కూడా మొదలుపెట్టింది.

మా ఇంట్లో పనిలో సాయానికి వచ్చే ఆవిడది అనంతపురం వైపు ఒక పల్లె. పండగ సెలవులకు వాళ్ళ చెల్లెలి కూతురు వచ్చింది. పదేళ్ళ పిల్ల. నూనె పెట్టి బిగించి వేసిన రెండు జడలు, ఎప్పుడూ చంకలో ఒక నోటు పుస్తకం. పెద్దమ్మతో కలిసి మా ఇంటికి వచ్చి కుక్కపిల్లతో ఆడుకుంటోంది. అప్పుడే ఆ పిల్లకుక్క పోయి నా చెప్పు కొరికింది. నేను వంటింట్లోంచే, "ఛీ, లోలా! ముదనష్టపుదానా, వదులు!" అని అరిచాను. చూడండి, పేరు పెట్టి తిట్టకూడదని మీకు నీతులు చెబుతున్న నేనే!

ఆ పిల్ల ఆట ఆపేసింది. మొహం చిన్నబోయింది. ఏమైందమ్మా అంటే చెప్పదు. చివరికి వాళ్ళ పెద్దమ్మ దగ్గరికి తీసుకుని అడిగితే, నోటు పుస్తకంలోంచి ఒక ఫోటో తీసి చూపించింది. తెల్లజుట్టు, కళ్ళజోడు, చేతిలో పూలకుండీ పట్టుకుని నవ్వుతున్న ఒక పెద్దావిడ. "ఈమె పేరు కూడా లోలా, పెద్దమ్మా. స్పెయిన్‌లో ఉంటాది. నన్ను చదివిస్తాండేది ఈమెనే. నేను ఈమెకు జాబు రాస్తా" అంది. ఆ తరవాత ఇంకొక్క మాట అంది. "మీకు ఈమె మీద ఏమన్నా కోపమా?"

నాకు నోట మాట రాలేదండీ.

ఈ సంగతి తెలియని సోదరీమణుల కోసం కొంచెం వివరంగా చెబుతాను. అనంతపురానికీ స్పెయిన్‌కూ అర్ధశతాబ్దానికి పైబడిన చుట్టరికం ఉంది. విన్సెంట్ ఫెర్రర్ అనే ఆయన 1920లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో పుట్టారు. 1952లో క్రైస్తవ మిషనరీగా మన దేశానికి వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో రైతుల మధ్య బావుల పనీ, సేద్యం పనీ చేశారు. 1968లో దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చింది. 1969లో తిరిగి వచ్చి, కరువు సీమ అనంతపురంలో దిగారు. తరవాత మఠం వదిలి, ఆన్ అనే ఇంగ్లీషావిడను పెళ్ళి చేసుకున్నారు. ఇద్దరూ కలిసి నడిపిందే ఆర్డీటీ సంస్థ. ఇళ్ళు, బడులు, బత్తలపల్లిలో ఆసుపత్రి, ఇట్లా ఆ సీమలో ఆ పేరు తెలియని పల్లె అరుదు. 2009లో ఆయన అనంతపురంలోనే కన్నుమూశారు. ఆ సంస్థ ద్వారా స్పెయిన్‌లోని మామూలు సంసారులు, మనలాంటి ఇల్లాళ్ళు, పింఛను మీద బతికే పెద్దవాళ్ళు, నెలనెలా కొంత డబ్బు కట్టి ఇక్కడి పిల్లలకు అండగా నిలుస్తూ వచ్చారు. పిల్లలు వాళ్ళకు ఉత్తరాలు రాస్తారు, బొమ్మలు వేసి పంపుతారు. మా వాడు సరదాగా రాసిన రఫా కూడా, ఆ నాదల్ పేరున్న ఫౌండేషను 2010లో అనంతపురంలో పేదపిల్లల కోసం టెన్నిసు బడి తెరిచింది.

ఇది ఎక్కడో స్పెయిన్ మాట కాదు. మా ఇంటికి రెండు జిల్లాల అవతలి మాట కూడా కాదు. నంద్యాల, అనంతపురం, అన్నీ మన సీమ ఊళ్ళే. ఎవరిదీ కాదనుకుని మేం ఎత్తుకొచ్చిన పేరు, ఆ పదేళ్ళ పిల్లకు పలకా బలపం ఇచ్చిన మనిషి పేరు. ఆ పేరును నేను "ముదనష్టపుదానా" అన్నాను. మా జేజినాయన పక్కింటాయనకు చేసిందే నేను ఆ పిల్లకు చేశాను. తేడా ఒక్కటే. ఆ పక్కిల్లు గోడవతల ఉంది, ఈ పక్కిల్లు సముద్రాలవతల ఉంది.

అప్పుడు నాకు టామీ కూడా గుర్తొచ్చాడు. టామీ అంటే థామస్ అనే పేరుకు ముద్దుపేరు. తెల్లవాళ్ళ సిపాయిలను ఒకప్పుడు టామీలనే అనేవారు. ఏ తల్లో కన్నకొడుకును పిలుచుకున్న పేరే గదా అదీ. పరాయి భాషలో పేరుకు మనుషులుండరని మనం అనుకుంటాం. ఉంటారు. మనకు కనపడరు, అంతే.

మావారు, "చిన్నపిల్ల, రేపటికి మరిచిపోతుందిలే. కుక్క ఇప్పుడే పేరుకు అలవాటు పడింది, మళ్ళీ మార్చడమెందుకు" అన్నారు. మా అత్తగారు ఒప్పుకోలేదు. "కుక్కకు మూడు దినాల అలవాటు, ఆ బిడ్డకు బతుకంతా అలవాటు. మార్చండి" అన్నారు. ఆ పిల్ల సెలవులయ్యేలోగా మార్చాలని తీర్మానించుకున్నాం.

కనుమ నాడు పుట్టింటికి ఆళ్ళగడ్డ వెళ్ళాను. నంద్యాల నుంచి బస్సెక్కితే గంటా గంటన్నర దారి. ఆళ్ళగడ్డంటే మీకు తెలుసు, అహోబిలం వెళ్ళే దారిలో రోడ్డు పక్కన శిల్పుల షెడ్లు, పొద్దస్తమానం ఉలి చప్పుడు. మా ఇంటి దగ్గర శిల్పం చెక్కే చిన్నాయన ఒకాయన ఉన్నాడు. వరసకు చిన్నాయనే. ఆయన షెడ్డులో సగం చెక్కిన దత్తాత్రేయుడి విగ్రహం ఉంది, పాదాల దగ్గర నాలుగు కుక్కలు. నాలుగు వేదాలే ఆ నాలుగు కుక్కలని చెబుతారు. పక్కన కాలభైరవుడు, ఆయన వాహనమూ కుక్కే. నేను మా ఇంటి గొడవ చెబితే చిన్నాయన నవ్వలేదు. ఉలి పక్కన పెట్టి, "పేరు పెట్టేది ఉలి దెబ్బ లాంటిది పాపా. కొట్టకముందు ఎంతసేపైనా చూడొచ్చు. కొట్టినాక రాయి మళ్ళా అతకదు. మీది ఇంకా లేత రాయే గదా, తొందరగా సరిజేసుకోండి" అన్నాడు.

తరవాత మా అమ్మ, నేనూ పెరట్లో కూర్చుని, మన పాత కథల్లో కుక్కలకు ఏం పేర్లున్నాయా అని తలుచుకున్నాం. దేవతల కుక్క పేరు సరమ. కుక్కను సారమేయమని పుస్తకాల్లో చదువుతాం చూడండి, సరమ సంతానం గనుక సారమేయం. యముడి దగ్గర రెండు కుక్కలున్నాయి, శ్యామం, శబలం. శ్యామమంటే నల్లనిది, శబలమంటే మచ్చలది. రంగును బట్టి పెట్టిన పేర్లు, ఏ మనిషికీ తగలవు. ఇక ధర్మరాజు వెంట చివరిదాకా నడిచిన కుక్కకైతే భారతంలో పేరే లేదు. పేరు లేకపోయినా, దాన్ని వదిలి స్వర్గానికి రానన్నాడాయన.

ఇంటికొచ్చి ఈ మాట చెప్పగానే మా అమ్మాయి, "స్పెయిన్‌లో కూడా ఒకాయన పేరు కోసం ఇట్లాగే తలబద్దలు కొట్టుకున్నాడమ్మా" అని ఒక కథ చెప్పింది. సెర్వాంతెస్ అనే ఆయన 1605లో రాసిన దాన్ కిహోతే అనే నవలలో కథానాయకుడికి ఒక బక్కచిక్కిన ముసలి గుర్రం ఉంటుంది. దానికి పేరు పెట్టడానికి నాలుగు రోజులు ఆలోచిస్తాడట. చివరికి రోసినాంతె అని పెడతాడు. రోసిన్ అంటే పనికిమాలిన గుర్రం. ఒకప్పుడు అదీ, ఇప్పుడు గుర్రాలన్నిటిలో ముందుండేదీ ఇదే అని ఆ పేరులో ధ్వని. ఎవరి పేరూ అరువు తెచ్చుకోలేదు. ఆ గుర్రం ఒంట్లోంచే ఆ గుర్రం పేరు తీశాడు.

అయితే మన కుక్క ఒంట్లోంచే మనమూ తీద్దామన్నాను. ఆ పిల్లనే పిలిచి, "నువ్వే చూసి చెప్పమ్మా, ఇది ఏ రంగు?" అని అడిగాను. అది కుక్కపిల్లను ఎత్తి ఎండలో పట్టుకుని చూసి, "సపోటా రంగు" అంది. మా అమ్మాయి ఎగిరి గంతేసింది. సపోటా అన్న మాటే స్పానిష్ నోటి గుండా మనకు వచ్చిందట. మెక్సికో దేశపు పాతవాళ్ళ మాటను స్పెయిన్‌వాళ్ళు సపోతే అన్నారు, మనం సపోటా అన్నాం. మన టమాటా కూడా ఆ దారిన వచ్చిందే. చాక్లెట్ కూడా అంతే, కాకపోతే చాక్లెట్ కుక్కకు విషంతో సమానం, పిల్లలు ముద్దుకొద్దీ పెట్టకుండా చూసుకోండి. ఇన్నాళ్ళూ బండివాడి దగ్గర డజను ఎంత అని బేరమాడుతున్నాను గానీ, సగం స్పానిష్ మాట్లాడుతున్నానని నాకేం తెలుసు!

హిందీవాళ్ళు సపోటాను చీకూ అంటారు, అదీ స్పానిష్ చికోసపోతే నుంచి వచ్చిందే, అదే పెడదామన్నాడు మా వాడు. మా అత్తగారు చేయి అడ్డం పెట్టారు. "చీకూ చింతా లేకుండా ఉండాలని దేవుడికి మొక్కుకుంటాం. ఏరి కోరి ఇంట్లోకి చీకును పిలుస్తారా?" నిజమే గదండీ. పేరు స్పానిష్ గుమ్మమూ దాటాలి, తెలుగు గుమ్మమూ దాటాలి. లోకో ఆ గుమ్మం దగ్గర ఆగింది, చీకు ఈ గుమ్మం దగ్గర ఆగింది.

ఆ రోజు పలావు వండుతున్నాను. ఆ పిల్ల వంటింట్లోకి వచ్చి, పోపుల పెట్టెలోంచి ఒక దాల్చినచెక్క ముక్క తీసి, కుక్కపిల్ల చెవి పక్కన పెట్టి చూసింది. "పెద్దమ్మా, సపోటా కాదు, చెవులు చూడు, ఇదే రంగు!" అంది. దాల్చినచెక్కను స్పానిష్‌లో ఏమంటారని మా అమ్మాయిని అడిగాను. "కనేలా" అంది. చెక్క ఎండితే గొట్టంలా చుట్టుకుంటుంది గదా, చిన్న గొట్టమనే అర్థంలో లాటిన్ నుంచి వచ్చిన మాటట. స్పెయిన్‌లో గోధుమరంగు కుక్కలకు ఈ పేరు బాగా వాడుకేనట. మన దాల్చిన అన్న మాట మాత్రం మనదా ఏమిటి? దార్‌చీనీ అనే పారసీక మాట, చీనా చెక్క అని. ఒక్క చెక్కముక్కకు ఇన్ని దేశాల పేర్లు.

కనేలా. మూడక్షరాలు. చివర ఆ కారం సాగుతుంది. రా, పో లతో కలవదు. తెలుగులో చెడ్డ అర్థం లేదు. ఆ పిల్ల ఒకటికి రెండుసార్లు పలికి చూసుకుని, "ఇది మనిషి పేరు కాదు గదా అక్కా?" అని మా అమ్మాయిని అడిగింది. "కాదు, పోపుల పెట్టెలో సామాను పేరు" అంటే అప్పుడు నవ్వింది. ఆ సాయంత్రం తన నోటు పుస్తకంలో కుక్కపిల్ల బొమ్మ వేసి, గోధుమరంగు పెన్సిలు పూర్తిగా అరిగేదాకా రంగు పూసింది. స్పెయిన్ లోలాకు ఈసారి జాబుతో పాటు అదీ పంపుతుందట. మూడు రోజుల సంగతి మాత్రం రాయనని నాకు మాటిచ్చింది. నేనే అడిగి మాట తీసుకున్నాననుకోండి.

కొత్త పేరు అలవాటు కావడానికి పది రోజులు పట్టింది. ఇంట్లో అందరం ఒకే పేరుతో పిలవాలనీ, పిలిచినప్పుడల్లా చేతిలో ఒక ముక్క ఉండాలనీ నియమం పెట్టుకున్నాం. మా అత్తగారు మాత్రం రెండో రోజే నియమం తప్పారు. ఆవిడకు కనేలా అని నోరు తిరగదు. "కన్నెలా... కన్నీ... కన్నా! ఇట్ల రా కన్నా!" అన్నారు. అంతే, అది తోకాడించుకుంటూ వచ్చి ఆవిడ చీర కుచ్చిళ్ళలో కూర్చుంది. ఇప్పుడు మేం కనేలా అంటే ఒక చెవి ఎత్తుతుంది, ఆవిడ కన్నా అంటే రెండు చెవులూ ఎత్తుతుంది. మావారు, "ఇన్ని దేశాలు తిరిగి చివరికి కన్నా దగ్గరికే వచ్చారా" అని ఎగతాళి చేస్తారు. చేయనివ్వండి. తిరిగితేనే గదా తెలిసింది.

సోదరీమణులారా, పేరు పెట్టినంత మాత్రాన మన బాధ్యత తీరదు. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించండి. పశువైద్యుడు చెప్పిన ప్రకారం మళ్ళీ మళ్ళీ వేయిస్తూ ఉండండి. ఆడకుక్క అని వదిలేయకండి. వయసు వచ్చాక పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయిస్తే, వీధిన పడే పిల్లలూ ఉండవు, "ఎవరు పడతారు" అన్న మాటా ఉండదు. ఏ కుక్క కరిచినా, మీ ఇంటిదైనా సరే, సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పావుగంట సేపు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. పసుపు అద్ది ఊరుకోకండి.

ఇక పేరు సంగతి. స్పానిష్ పేరు పెట్టుకోండి, ఇంగ్లీషు పేరు పెట్టుకోండి, అచ్చతెలుగు పేరు పెట్టుకోండి, మీ ముచ్చట. పెట్టే ముందు ఒక్కసారి వాకిట్లో నిలబడి, ఆ పేరును గట్టిగా పిలిచి చూసుకోండి. కోపంలో ఎట్లా అరుస్తారో అట్లా కూడా ఒకసారి పిలిచి చూసుకోండి. ఆ కేక ఎవరి చెవిన పడుతుందో, వాళ్ళ మొహం చిన్నబోతుందేమో ఆలోచించుకోండి. అంత చేశాకే క్యాలెండరు కాగితం మీద టిక్కు పెట్టండి.

గేటు దగ్గర కన్నా అరుస్తోంది. పాలవాడు వచ్చినట్టున్నాడు. సెలవు తీసుకుంటాను. నమస్కారం.